ప్రాణానికి 10 లక్షలు, తప్పుకు 2 వేలు

2025 సెప్టెంబరు 30 మంగళవారం, ఆయుధపూజ ముందురోజు సాయంత్రం, చెన్నై శివారు ఎన్నూరులో 9 మంది కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కడుతున్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉక్కు తోరణం వాళ్లతో సహా కూలింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అసోం బిడ్డలు. తెల్లారి ఊరంతా యంత్రాలకు పసుపు కుంకుమలు పెట్టే వేళకు పరిహారం లెక్క తేలిపోయింది: ఒక్కో కుటుంబానికి రాష్ట్రం 10 లక్షలు, కేంద్రం 2 లక్షలు. తోరణం ఎందుకు కూలిందన్నది మాత్రం తేలలేదు.

ఆధారం పోయిన ఇంటికి డబ్బు వెంటనే అందాలి. ప్రభుత్వం త్వరగా కదిలిందన్నదీ నిజమే. మా కోపం ఆ వరుస మీద. కారణం కన్నా పరిహారం ముందు రావడం ఆనవాయితీ అయిపోయింది. చెక్కు చేతికొచ్చాక కారణం అడిగే నాథుడుండడు. పైగా ఇది ఏ బిల్డరో కట్టే అపార్టుమెంటు కాదు, రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ కట్టిస్తున్న కేంద్రం. పని చేయించేదీ ప్రభుత్వమే, పోయాక పరిహారం ప్రకటించేదీ ప్రభుత్వమే.

చెన్నై తెలుగువాళ్లకు ఈ వరుస బాగా తెలుసు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు ఎందరో. పిడుగు పడి కూలిందని కట్టినవాళ్లు చెప్పుకొచ్చారు. ఏ పిడుగూ పడని పక్క భవనాన్ని కూడా పనికిరాదని తేల్చి 2016 నవంబరు 2న పేల్చి పడగొట్టాల్సి వచ్చింది. అప్పుడూ పరిహారమే ముందొచ్చింది.

ఇక చట్టం సంగతి. భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం 1996లో ఒక చట్టం చేశారు. ఈ ప్రమాదం నాటికి అదే అమల్లో ఉంది; 2025 నవంబరు 21న దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. పరంజా ఎలా కట్టాలి, గోతులకు ఊతాలు ఎలా పెట్టాలి, ఎత్తున పనిచేసేవాడికి ఏ రక్షణ ఉండాలి అన్నీ ఆ 1996 చట్టం నిబంధనల్లో ఉండేవి. ఆ భద్రతా నిబంధనలు ఉల్లంఘిస్తే దాని 47వ సెక్షన్ కింద ఉండిన శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండు వేలు! మంచి సేఫ్టీ బెల్టు ఒకటి కొనడానికైనా చాలుతుందో లేదో. నిర్లక్ష్యమంటూ పోలీసులు పెట్టే కేసు వేరు, కానీ అది తరచు మేస్త్రీ దగ్గరో సూపర్‌వైజరు దగ్గరో ఆగిపోతుంది. డిజైను గీసినవాడి దాకా, గడువు తరిమినవాడి దాకా వెళ్లదు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ హెల్మెట్ పెట్టుకున్నాడా, బెల్టు కట్టుకున్నాడా అని చచ్చిపోయినవాణ్నే అడుగుతారు. హెల్మెట్, బెల్టు ఆఖరి రక్షణలు. వాటికి ముందు జరగాల్సిన పనులున్నాయి. తాత్కాలికంగా నిలిపిన ఉక్కు ఎంత బరువు మోస్తుందో ఇంజనీరు లెక్కగట్టాలి. బోల్టులు, ఊతాలు బిగిశాయో లేదో మనుషులు ఎక్కకముందే చూడాలి. చూసినవాడు, ఇక ఎక్కొచ్చని ఇచ్చే పర్మిట్ మీద సంతకం పెట్టాలి. గాలివాన వస్తే దించేయాలి. నిలబడిన కట్టడమే కూలితే దానికే కొక్కెం తగిలించుకున్న బెల్టు ఏం కాపాడుతుంది? ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినమని కూలీలను నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించే సైట్లు ఈ సంతకాల పుస్తకం చూపించమంటే తడబడతాయి.

నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు మాట కూడా చెప్పాలి. నిర్మాణ ఖర్చులో కనీసం ఒక శాతం ఆ బోర్డు కోసం సెస్సుగా వసూలవుతోంది. అందులో సాయం అందాలంటే కార్మికుడి పేరు బోర్డులో ఉండాలి, దానికి ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. మేస్త్రీ వెంట రాష్ట్రాలు మారే మనిషికి ఆ కాగితం ఎవరిస్తారు?

ఎన్నూరులో ఆ తోరణం లెక్క ఎవరు కట్టారు, మంగళవారం దాన్ని ఎవరు తనిఖీ చేశారు, ఎక్కమని ఎవరు సంతకం పెట్టారు? ఆ పేర్లు ప్రభుత్వం బయటపెట్టాలి. 10 లక్షలు ప్రకటించడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు. తన సొంత సైటులోని పర్మిట్ పుస్తకం తెరవడానికి విచారణ కమిటీ గడువులు అక్కర్లేదు. ఆ పుస్తకంలో ఆ రోజు పేజీ ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ పేజీనే 9 మంది ఇళ్లకు చెక్కుతో పాటు పంపండి.