ఇంటింటికో రైల్వే జోను

విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోను ఇస్తామని 2019లో ప్రకటించారు. ఆ ఒక్క మాట కోసం అంతకుముందు ఎన్ని ధర్నాలు, ఎన్ని వినతిపత్రాలు! ఏ ధర్నా లేకుండా, ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ చోటు దక్కకుండా మన అపార్ట్‌మెంట్ల వెనక బెడ్‌రూముల్లో చడీచప్పుడు లేకుండా వెలిసిన జోన్ల గురించి మాత్రం పత్రికలు రాయవు. జనరల్ మేనేజరు, స్టేషన్ మాస్టరు, గ్యాంగ్‌మ్యాన్ అన్నీ ఒక్కరే. ప్రయాణికులు లేరు కాబట్టి వాళ్ళ నుంచి ఫిర్యాదుల్లేవు. వచ్చే ఫిర్యాదులన్నీ వంటింటి వైపు నుంచే. అసలు రైల్వేని బుల్లి కొలతలో గదిలో కట్టుకునే వీటిని మోడల్ రైల్వే లేఅవుట్లు అనాలి. పొరపాటున ‘బొమ్మ రైలు’ అన్న బావమరిదికి ఆ గది తలుపు మళ్ళీ తెరుచుకోదు.

ఈ జోన్ల మొదటి సమస్య భూసేకరణ. 2013 చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే బాధితుల్లో 80 శాతం మంది ఒప్పుకోవాలి. ఐదుగురున్న ఇంట్లో నలుగురన్నమాట. లేఅవుట్ కట్టే ఆసామికి సొంత ఓటు, పదేళ్ళ కొడుకు ఓటు కలిపినా నలభై దాటదు. ఇంజన్ ముట్టుకోనివ్వరని తెలిశాక ఆ కొడుకు కూడా అవతలి పార్టీలోకి దూకేస్తాడు. అసలు రైల్వేల భూసేకరణ వేరే చట్టం కింద జరుగుతుంది, అక్కడ ఈ ఒప్పుకోళ్ళ గొడవ లేదు. అదే వెసులుబాటు ఇంటి రైల్వేకీ ఇస్తే, అత్తగారి మంచం అడ్డం తీయడానికి ఇన్ని నెలల సంప్రదింపులు ఉండవు.

అత్యాశ అనుకునేరు. ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలు అసలుకి 87వ వంతు. చెన్నై ఐసీఎఫ్ కర్మాగారం చేసే ఇరవై ఒక్క మీటర్ల పెట్టె అందులో పావు మీటరు అవుతుంది. ఇరవై నాలుగు పెట్టెల రైలు కావాలంటే రైలొక్కదానికే ఆరు మీటర్లు, ప్లాట్‌ఫారం దాటి వంటింట్లోకి వెళ్ళి ఆగుతుంది. అందుకే మన వాళ్ళు నాలుగు పెట్టెల గోదావరి ఎక్స్‌ప్రెస్‌తో సరిపెట్టుకుంటున్నారు. అది విశాఖలో బయల్దేరి, బీరువా చుట్టూ తిరిగి, మళ్ళీ విశాఖే చేరుతుంది. ఒక్క నిమిషం ఆలస్యం కాదు. ఈ త్యాగాన్ని ఎవరైనా గుర్తించారా?

ఇక గేజి తగాదా. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది విదేశాల్లో నడిచే స్టాండర్డ్ గేజికి సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 దాకా రావాలి. అంటే దేశంలో ఈ పట్టాల మీద నడిచే ప్రతి బుల్లి డబ్ల్యూఏపీ-4 కరెంటు ఇంజనూ పరాయి గేజి మీద నడుస్తున్నట్టే. ఈ మూడు మిల్లీమీటర్లు కూడా లేని తేడా మీద స్నేహాలు చెడిపోయాయి. ఆస్తి పంపకాల్లో మూడు గజాలు వదులుకున్నవాళ్ళు కూడా ఇక్కడ మాత్రం మెట్టు దిగరు.

అసలు నైపుణ్యం చూడాలంటే కంకర వేసేటప్పుడు చూడాలి. సన్నటి కంకర చెంచాతో పట్టాల మధ్య పోసి, మెత్తటి కుంచెతో పట్టాల కింది స్లీపర్ల మీద ఒక్క రవ్వ లేకుండా సర్దుతారు. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, సిరంజితో బొట్టు బొట్టుగా వదులుతారు. ఆ లిక్విడ్ పడకపోతే జిగురు లోపలికి ఇంకదు, పూసలా పైనే నిలబడి కంకరని లాగేసుకుంటుంది. ఈ ఇంట్లో ఆయన ఆ లిక్విడ్ సీసా పట్టుకోవడం ఇదే మొదటిసారని గిట్టనివాళ్ళు అంటారు. అననివ్వండి.

తర్వాత వచ్చేది వెదరింగ్, అంటే కొత్తదాన్ని పాతదిలా చేయడం. కొత్త వ్యాగన్ పెట్టెలోంచి తళతళలాడుతూ వస్తే వీళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది. దానికి తుప్పు పట్టించాలి. గోధుమరంగు ఒక పొర, దాని మీద నారింజ పొడి అద్దకం, తలుపు గొళ్ళెం కింద వాన నీళ్ళు కారిన చార. చార మరీ తిన్నగా వచ్చిందని చెరిపి మళ్ళీ గీస్తారు. స్టేషన్ కప్పు మీద నాచు, గోడ మీద పాన్ మరక, ఎండబెట్టిన టీపొడితో పిచ్చిమొక్కల కింద మట్టి. అదే సమయంలో బాల్కనీ గ్రిల్లుకి అసలు తుప్పు, బాత్రూం గోడకి అసలు చెమ్మ పడుతుంటాయి. పెయింటర్ని పిలవమని ఇంట్లో వాళ్ళు పోరుతుంటారు. వాళ్ళకి కళ గురించి చెప్పేవాళ్ళు లేరు. ఒకటికి ఒకటి కొలతలో ఉన్న తుప్పు ఎవరింట్లోనైనా పడుతుంది, అందులో గొప్పేముంది?

గాయకుడు రాడ్ స్టూవర్ట్ ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుని రైళ్ళతో సహా ఒక బుల్లి అమెరికన్ నగరాన్నే కట్టి 2019లో లోకానికి చూపించాడు. అంతా ఆయనే కట్టి ఉండడని రేడియోలో ఒకాయన అనుమానపడితే, స్వయంగా ఫోన్ చేసి మరీ ఖండించాడు. వైరింగ్ మాత్రం వేరేవాళ్ళతో చేయించానని ఒప్పుకున్నాడు. మన హాల్లో ట్యూబ్‌లైటు మార్చడానికి ఎలక్ట్రీషియన్ని పిలిచే పెద్దమనుషులకి ఇది ఎంత ఊరట!

‘ఎప్పటికి పూర్తవుతుంది’ అని అడిగేవాళ్ళు కోనసీమ వైపు చూడాలి. కోటిపల్లి–నరసాపురం లైను 2000–01లో మంజూరైంది, ఇంకా కడుతూనే ఉన్నారు. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకి పట్టుకుపోయి, మళ్ళీ 2004లో వేశారు. ఇళ్ళల్లోనూ యుద్ధ అవసరాలు ఏటా సంక్రాంతికి వస్తాయి. బొమ్మల కొలువుకి బల్ల కావాలి, వచ్చిన చుట్టాలు పడుకోవడానికి గది కావాలి, పట్టాలు లేచిపోతాయి. కోటిపల్లి లెక్క ప్రకారం వాటిని తిరిగి వేయడానికి అరవై ఏళ్ళ పైన గడువుంది. కనుమ మర్నాడే ‘ఆ చెక్కలు ఇంకా ఎన్నాళ్ళు మంచం కింద’ అని మొదలుపెట్టడం రైల్వే చరిత్ర తెలియకపోవడమే.