మా డిక్కీలో దేశభద్రత

రాష్ట్ర సరిహద్దుల్లో వాహనాల తనిఖీ శుద్ధ దండగని, జనాన్ని ఎండలో నిలబెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదని ఈమధ్య చదువుకున్నవాళ్లు కూడా మాట్లాడుతున్నారు. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా గజపతి జిల్లా వాసిగా ఈ ధోరణిని తీవ్రంగా ఖండిస్తున్నాను. విజయవాడలో ఉన్నవాడి డిక్కీ తెరవమని ఎవరూ అడగరు. పాపం, అందులో ఏముందో వాడికే తెలియదు. మా జిల్లా కేంద్రం పర్లాకిమిడి మనిషికి ఆ గతి పట్టలేదు. మా డిక్కీలో స్టెప్నీ కింద జాకీ ఎటు తిరిగి పడుకుందో మాకు తెలుసు, ఇటు పోలీసులకు తెలుసు, అటు పోలీసులకూ తెలుసు. ఇంత పారదర్శకంగా బతికే పౌరులు దేశంలో ఇంకెక్కడున్నారో చూపించండి.

రాజ్యాంగం 301వ అధికరణం భారతదేశమంతటా వ్యాపారం, వాణిజ్యం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలంటుంది. చాలా సంతోషం. ఆ స్వేచ్ఛ సక్రమంగా ఉందో లేదో ఎవరో ఒకరు బండి ఆపి చూడాలి కదా!

ఈ భాగ్యం మాకు ఊరికే రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేశారు. పట్టణం, కొంత ఏజెన్సీ అటు వెళ్లాయి, మిగిలింది మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఆ కోత ఎంత నేర్పుగా పడిందంటే, ఆంధ్ర వైపు పాతపట్నంలో కాపురం చేసుకుంటున్న ఆడపడుచు ఆదివారం పూట పర్లాకిమిడి పుట్టింటికొచ్చి ఓ కప్పు కాఫీ తాగి వెళ్తే అది అంతర్రాష్ట్ర ప్రయాణం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే మా ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పట్లో చెక్‌పోస్టులు లేవు గనక సరిపోయింది. ఇప్పుడైతే ఆయన సవర గిరిజనుల మాటలు రాసుకున్న కట్టలు విప్పించి, ‘ఇది ఏ పార్టీ కరపత్రం?’ అని సాయంత్రం దాకా కూర్చోబెట్టేవాళ్లు.

అసలు సంగతికొస్తాను. మా బండి నంబరు ఓడీ 20తో మొదలవుతుంది. ఆంధ్రలో అడుగుపెట్టగానే ఆ నంబరే మా మీద ఎఫ్‌ఐఆర్. ఒడిశా బండి అంటే గంజాయైనా ఉండాలి, మందైనా ఉండాలి. రెండూ లేకపోతే చూసేవాళ్ల ముఖంలో కనిపించే నిరాశ మనసును కలచివేస్తుంది. ఇక తిరుగు ప్రయాణంలో నంబరుకు ఏ దోషమూ ఉండదు, అప్పుడు నోరు దొరికిపోతుంది. ఒడిశా పోలీసు ‘కుఆడే జాఉచొ?’ (ఎక్కడికి వెళ్తున్నారు?) అని అడిగితే ఒడియాలోనే సమాధానం చెబుతాం, పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషే. అయినా రెండో మాటకే ఆయన ‘ఓ, తెలుగువాళ్లా’ అని డిక్కీ వైపు నడుస్తాడు. అటు బండి పట్టిస్తుంది, ఇటు యాస పట్టిస్తుంది.

కిందటి వేసవిలో మా పెద్దత్తను విశాఖలో కూతురింటికి దిగబెట్టడానికి వెళ్తుంటే ఒకచోట ఆపారు. ఎక్కడో చెప్పను, ఆ కుర్రాడి ఉద్యోగం మీదికి తేవడం నాకిష్టం లేదు. రోడ్డుకు అడ్డంగా రెండు నీలం డ్రమ్ములు, పక్కన టెంటు, టెంటులో ఒక ప్లాస్టిక్ కుర్చీ. డిక్కీలో జీడిపప్పు సంచి, బియ్యం మూట, మూతికి గుడ్డ వాసెన కట్టిన జాడీ. అతని కన్ను జాడీ మీద పడింది.

‘ఇందులో ఏటుంది మామ్మా?’

‘ఆవకాయ.’

‘అడుగున?’

‘అడుగునా ఆవకాయే బాబూ. పైనొకటి, అడుగునొకటీ పెట్టడానికి అదేమైనా గవర్నమెంటు పథకమా?’

గుడ్డ విప్పించాడు. బియ్యం బస్తాల్లో పొడిచే ఇనుప చువ్వ చేతిలోకి తీసుకున్నాడు. అంతవరకూ చట్టానికి సహకరిస్తున్న పెద్దత్త ఒక్కసారిగా కారు దిగింది. ‘తడి చువ్వ ఎట్టకు! బూజు పట్టీగల్దు. ఏడాది జాడీ అది.’ అతను చువ్వను లుంగలు చుట్టిన పాత తువ్వాలుతో తుడిచాడు. ఆవిడ ఒప్పుకోలేదు. తన సంచిలోంచి పొడి గరిటె తీసి ఇచ్చింది. వెనక పది లారీలు హారన్లు కొడుతుండగా చట్టప్రకారం జాడీ అడుగు దాకా కలియబెట్టడం జరిగింది. అంతా అయ్యాక అతను గరిటె చివర వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుని, ‘ఉప్పు కొద్దిగా ఎక్కువైనట్టుంది మామ్మా’ అన్నాడు. అరవై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్న మనిషికి ఆ మాట ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. రాజ్యం చెప్పింది.

మత్తుపదార్థాల చట్టంలో గంజాయి కిలో వరకు ఉంటే చిన్న మోతాదు, 20 కిలోలు దాటితే వాణిజ్య మోతాదు. జాడీ ఈ రెంటికీ మధ్యన ఉండటం వల్ల కొంచెం కంగారు పడ్డాను గానీ ఆ చట్టంలో ఆవకాయ ప్రస్తావన లేదట. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్ర పోలీసులు రెండు లక్షల కిలోలకు పైగా గంజాయి గుట్టలు పోసి తగలబెట్టారు. అందులో మా పెద్దత్త వాటా ఒక్క గ్రాము కూడా లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

మందు సంగతి వేరు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రలో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. 2020 మేలో ధరలు 75 శాతం పెంచారు. ఆ వేసవి నుంచి శ్రీకాకుళం జిల్లా బంధువులకు మా మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. పెళ్లికి పిలిచినా రాని పినమామలు, ‘ఊరికే చూసిపోదామని’ వారం వారం వచ్చేవాళ్లు. వచ్చేటప్పుడు చేతిలో ఖాళీ సంచి, వెళ్లేటప్పుడు నడకలో గాజుసీసాలు రాసుకునే చప్పుడు. ఆ సెప్టెంబరులో హైకోర్టు మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని చెప్పేసరికి, న్యాయశాస్త్రం గడపగడపకూ చేరింది. ఏడో తరగతి దాటని మనిషి పోలీసుతో జీవో నంబరు చెప్పి వాదించడం నా చెవులారా విన్నాను. తర్వాత ప్రభుత్వం ఆ నిబంధన మార్చేసింది, ఆప్యాయత సగానికి పడిపోయింది. 2024 అక్టోబరులో ఆంధ్రలో ప్రైవేటు దుకాణాలు మళ్లీ తెరిచాక ఫోన్లు కూడా లేవు. ఇప్పుడు వచ్చేవాళ్లు పెట్రోలు కోసం వస్తున్నారు, మా వైపు చవక గనక. ట్యాంకులోకి పోయించుకున్న పెట్రోలును ముక్కుతో పట్టుకునే విద్య ఇంకా ఎవరికీ అబ్బలేదు.

హెల్మెట్ల గురించి రెండు మాటలు. 2019 సెప్టెంబరు 1న కొత్త మోటారు వాహనాల చట్టం వస్తే ఒడిశా మొదటి రోజే భారీ జరిమానాలు మొదలుపెట్టింది. ఆంధ్ర ఏడాదికి పైగా ఆలోచించింది. ఆ ఏడాదంతా పాతపట్నం వైపు నుంచి వచ్చే బళ్లు సరిహద్దు బోర్డు దగ్గర ఆగేవి. మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ తలకెక్కేది. తిరిగి వెళ్లేటప్పుడు అదే బోర్డు దగ్గర తల మీంచి మోచేతికి దిగేది. ఆంధ్రలో పడితే తల పగలదని అందరికీ అంత గట్టి నమ్మకం.

ఎన్నికల కోడ్ వచ్చిందంటే మాకు జాతరే. 2024లో ఆంధ్రకూ, మా బరంపురం లోక్‌సభ స్థానానికీ ఒకే రోజు, మే 13న పోలింగు పెట్టారు. దాంతో రోడ్డుకు ఆ చివర టెంటు, ఈ చివర టెంటు, రెండింట్లోనూ వీడియో కెమెరా. 50 వేలు దాటిన నగదు ఉంటే లెక్క చూపాలి. ఏప్రిల్ ఆఖరుకు మూఢం వచ్చేస్తోందని ఉన్న ముహూర్తాలన్నీ ఆ నెలలోనే కుక్కారు. మా వీధి పెళ్లివారు అటువైపు కల్యాణ మండపంలో పెళ్లి చేసుకుని చదివింపుల డబ్బు సంచీతో వస్తూ చిక్కారు. ఆధారాలు చూపించమన్నారు. పెళ్లికూతురి తండ్రి చదివింపుల పుస్తకం తీశాడు. అధికారి దాన్ని కెమెరా ముందు పైకి చదవడం మొదలుపెట్టాడు: టెక్కలి మావయ్యగారు 1,116, కాశీబుగ్గ వారు 516...

‘కాశీబుగ్గ వాళ్లు 516 చదివించారా?’ అంది వ్యాను లోంచి పెళ్లికూతురి తల్లి. ‘వాళ్ల అమ్మాయి పెళ్లికి మనం రెండు వేలు చదివించాం కదండీ!’

కాశీబుగ్గ వారి తాలూకు మేనకోడలు అదే వ్యానులో ఉంది. తర్వాత జరిగింది అధికారులు ఆపలేకపోయారు. లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోయింది, డబ్బు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశారు. రెండు కుటుంబాలకు మాత్రం ఈరోజుకీ మాటల్లేవు. ఆ తగువు మొత్తం ప్రభుత్వ రికార్డుల్లో భద్రంగా ఉండాలి. వీడియో తెలిసీతెలియని మేనల్లుడు తీసిన పెళ్లి క్యాసెట్టు కన్నా బాగా వచ్చిందని చూసినవాళ్లన్నారు.

కొటియా గ్రామాల వాళ్లను చూస్తే మాకు అసూయ. కోరాపుట్ జిల్లా పొట్టంగి, ఆంధ్రలో సాలూరు, ఈ రెంటి నడుమ కొండల మీద ఉన్న ఆ పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాలు కొట్టుకుంటున్నాయి, గొడవ 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారమంది. వాళ్లు ఎక్కడికీ ప్రయాణం చేయనక్కర్లేదు, రెండు ప్రభుత్వాలూ ఇంటికే వచ్చి ‘మీరు ఎవరు?’ అని అడిగి వెళ్తాయి.

2017 జులై 1 మాత్రం మరచిపోలేని చీకటి రోజు. జీఎస్టీ వచ్చింది, వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. జాతీయ రహదారి మీద ఒడిశా వైపు గిరిసోల దగ్గర, ఆంధ్ర వైపు పురుషోత్తపురం దగ్గర రాత్రిళ్లు లారీలు బారులు తీరి ఉండే రోజుల్లో జిరాక్స్ కొట్టు, టీ బడ్డీ, పంక్చరు షాపు, కాగితాలు ఏ వరసలో పెట్టాలో చెప్పే పెద్దమనుషులు, అందరూ చల్లగా బతికారు. డ్రైవర్లు వంట చేసుకునేవాళ్లు, చీట్లాడేవాళ్లు, ఒకరి ఊరి కబుర్లు ఒకరికి చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఈ-వే బిల్లు ఫోనులో చూపించి సర్రున పోతున్నారు. జాతీయ సమైక్యత ఇక ఎక్కడ కుదురుతుంది?

కనుక ఉభయ రాష్ట్రాలకూ నా విన్నపాలు ఇవి. సరిహద్దు జిల్లాల వాళ్లకు తనిఖీ పాసుపుస్తకం ఇవ్వాలి. ఎన్నిసార్లు డిక్కీ తెరిచామో ముద్ర వేసి, ఏడాది చివర అత్యధిక ముద్రలున్న కుటుంబానికి గణతంత్ర దినోత్సవాన శాలువా కప్పాలి. ప్రతి టెంటులో ఒక పొడి గరిటె ఉంచాలి. ఊదే యంత్రానికి మనిషికో గొట్టం మార్చాలి, ఇది పెద్దత్త ప్రత్యేకంగా రాయమంది, ఆవిడను కూడా ఊదమన్నారు. ఇక రిజిస్టరు దగ్గర కట్టే పెన్ను ఉందే, దాన్ని మార్చమని అనను, రాయకపోయినా అది మాకు అలవాటే. దారం మాత్రం జానెడు పొడిగించండి. ఇప్పుడున్న దారానికి సంతకం పెట్టాలంటే హెడ్ కానిస్టేబుల్ గారి ఒళ్లో కూర్చోవాల్సి వస్తోంది.