చోల్సీ స్టేషన్‌కి ఎవరెళ్తారు?

మొన్న ఇక్కడ ఇంగ్లండులో మన తెలుగు సంఘం ఉగాది సభకి మా పిన్ని, ఆవిడతో రీడింగ్ ఊళ్ళో చదువుకునే ఇద్దరు పిల్లలు భోజనాలైపోయాక వచ్చారు. మైకు పట్టుకున్నాయన "ఇండియన్ టైమ్ వాళ్ళు దిగారండీ, చప్పట్లు!" అన్నాడు. హాలంతా నవ్వింది. కుచ్చెళ్ళు సర్దుకుంటూ పిన్ని కూడా నవ్వింది. పచ్చడి గిన్నె అడుగున నాలుగు వేపపూలు మిగిలాయి.

వాళ్ళు ఇంట్లో ఆలస్యం చెయ్యలేదు. ఆదివారం పట్టాల పని, ఒక రైలు రద్దు. అరిసెల డబ్బాతో, నొప్పి మోకాళ్ళతో పిన్ని చోల్సీ స్టేషన్లో పట్టాల కింద సబ్‌వే మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి బయటికొస్తే టాక్సీ లేదు. హాలు రెండు మైళ్ళు. నాకు ఫోన్ చేశారు. నేను పులిహోర వడ్డిస్తున్నాను. ఫోన్ కోటులో, కోటు కారులో. ఆ తప్పు నాదే. కానీ మన ఆహ్వానంలో పార్కింగ్‌కి ఐదు లైన్లున్నాయి, స్టేషన్ గురించి ఒక్క ముక్క లేదు.

ఆ స్టేషన్ మరీ తీసిపారేసేదేం కాదు. 1840లో రైల్వే ఇంజినీరు బ్రూనెల్ వేసిన లైను వచ్చినప్పుడు ఇక్కడి స్టేషన్ పేరు వాలింగ్‌ఫర్డ్ రోడ్. మన నర్సీపట్నం రోడ్ లాగే: పేరులో 'రోడ్' ఉందంటే ఊరు ఇంకా దూరమని అర్థం. 1866లో ఆ వాలింగ్‌ఫర్డ్ ఊరికి చిన్న బ్రాంచి లైను వేశారు. 1892లో మెయిన్ లైనుని నాలుగు పట్టాల జతలు చేసినప్పుడు స్టేషన్‌ని ఇప్పుడున్న చోటికి మార్చారు. పనిరోజుల్లో రెండు వైపులా అరగంటకో రైలు ఆగుతుంది, డిడ్‌కాట్ వైపు, రీడింగ్, లండన్ వైపు.

1959లో బ్రాంచిలో ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు. 1981 దాకా గూడ్స్ నడిచింది. తర్వాత ఊరివాళ్ళు వాలంటీర్లుగా దాన్ని బతికించుకున్నారు. ముద్దుగా 'బంక్' అంటారు. ఇప్పటికీ కొన్ని వారాంతాల్లో జెండా పట్టుకుని నిలబడే తాతగార్లున్నారు. మూసేసిన లైనుకే అంతమంది దొరికారు. నడిచే రైలు దిగినవాళ్ళకి మనలో ఒక్కడు దొరకలేదు.

నిడదవోలులో మా నాన్న చుట్టాలొస్తున్నారంటే రైలుకి గంట ముందే ప్లాట్‌ఫారం మీదుండేవారు. ఆ రైలు లేటని తెలిసీ! (అందరికీ కాదులెండి, అల్లుళ్ళకీ ఆఫీసర్లకీ. పేద చుట్టాలు నడిచే వచ్చేవారు.)

కమిటీవాళ్ళ కష్టం నేను చూడనిది కాదు. పార్కింగ్ ఫ్రీ అనే ఆ హాలు తీసుకున్నారు, చవక కూడా. ఒప్పుకుంటాను. అయినా కార్లేని స్టూడెంట్లు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు మన సభ్యులు కారా? దీపావళికి ఆహ్వానంలో రైలు టైము వెయ్యండి, స్టేషన్ దగ్గర ఒక కారు పెట్టండి, దాని డ్రైవరు నంబరు ఇవ్వండి. మొదటి ట్రిప్పు నాది. కోటు తొడుక్కునే ఉంటాను.