జానమాజ్ పరిరక్షణలో నా విశేష కృషి

జానమాజ్, అంటే నమాజ్ చేసేటప్పుడు కింద పరుచుకునే చిన్న తివాచీ, దాని శుభ్రం గురించి మాట్లాడే అర్హత భీమవరం చుట్టుపక్కల నాకున్నంత ఇంకెవరికీ లేదని సవినయంగా మనవి. ఇరవై రెండేళ్ళుగా ఒకే జానమాజ్ మీద నిలబడుతున్నవాణ్ణి. ఈ ఇరవై రెండేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా ఉతకలేదు. కాబట్టి నా బుర్రంతా సిద్ధాంతం మీదే పెట్టగలిగాను. ఉతికేవాళ్ళకి ఆ తీరిక ఎక్కడిది?

ముందు వస్తువును పరిశీలిద్దాం. మాది ముదురాకుపచ్చ మఖ్‌మల్. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే అందులో నేనే కనిపిస్తాను. పైన నుదురు ఆనేచోట జిడ్డు మరక, దానికి అటూ ఇటూ అరచేతులు, కింద మోకాళ్ళు అరగదీసిన రెండు గుండ్రాలు, ఇంకా కిందికొస్తే కాలివేళ్ళ దగ్గర మఖ్‌మల్‌కి ఏకంగా బట్టతల. సజ్దాలో, అంటే నమాజ్‌లో నుదురు ఆనించి మొక్కేటప్పుడు, నేలకి ఆనే ఏడు అంగాలూ లెక్కకి సరిపోయాయి. జిడ్డు మరక కొబ్బరినూనెది. కోనసీమ కూతవేటు దూరంలో పెట్టుకుని తలకి నూనె రాయొద్దంటే ఎలా?

మామూలు తివాచీ అయితే ఆర్నెల్లకోసారి తిప్పి వేస్తే అరుగుదల అన్నివైపులా సర్దుకుంటుంది. దీనికి ఒకవైపు మెహ్రాబ్ కమాను, అంటే మసీదు గోడలో ఉండే గూడు బొమ్మ, ఉంది. అది ఖిబ్లా వైపు, అంటే మక్కాలోని కాబా దిక్కుకి, మన దగ్గర్నుంచి పడమరకి కాస్త వాయవ్యంగా ఉండాలి. తలవైపు కాళ్ళు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. కనుక అరుగుదలకి కారణం కమానే గాని నేను కాదు. ఈ మాట మా ఆవిడకి చాలాసార్లు చెప్పాను.

ఆవిడ వాదన వేరే ఉంది. వజూ చేసి, అంటే నమాజ్‌కి ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని, కాళ్ళు తుడుచుకోకుండా ఎక్కుతానట. నమాజ్ అవగానే తడి తడిగానే నాలుగు మడతలు వేసి బీరువా మీద పడేస్తానట. అందుకే ఆ చెమ్మ వాసనట. మన గోదావరి జిల్లాల్లో వానాకాలం ఉప్పుడబ్బా మూత మర్చిపోతే సాయంత్రానికి ఉప్పు చెమ్మగిల్లుతుంది, ఆ మాట నిజమే. కానీ మడతపెట్టడం క్రమశిక్షణ. వాసన రావడం వాతావరణం. రెంటినీ ముడిపెట్టడం శాస్త్రీయం కాదు.

ఇంతకీ మా ఇంట్లో జానమాజ్‌లకి కొదవా? బీరువాలో ఏడున్నాయి. మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్ళి వచ్చినవాళ్ళు ఖర్జూరాలతోపాటు తలా ఒకటి ఇస్తూ పోయారు. ఖర్జూరాలు వారం తిరగకుండా అయిపోయాయి. జానమాజ్‌లు మాత్రం ప్లాస్టిక్ కవర్లలో, నాఫ్తలిన్ ఉండల సాక్షిగా, చుట్టాల కోసం ఎదురుచూస్తున్నాయి. చుట్టాలు వచ్చినా బయటికి రావు. చుట్టాలు వాడితే పాడైపోతాయి కదా.

మా నానమ్మకి ఈ గొడవలేవీ లేవు. తుంగచాప మీద నమాజ్ చదువుకునేది. అవగానే చుట్టి గోడకి నిలబెట్టేది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే కాసేపట్లో ఆరిపోయేది. అటు పక్క ఏలూరులో, పర్షియా నుంచి వచ్చినవాళ్ళు నేర్పారని చెప్పుకునే ఉన్ని తివాచీల నేత ఉండేది గాని, నానమ్మ దాకా రాలేదు. వచ్చినా ఆవిడ దాన్ని బీరువాలోనే పెట్టేదని నా అనుమానం.

అసలు విషయానికొస్తాను. మొన్న మే నెలలో మా చెల్లెలు సెలవులకి వచ్చింది. ఎనిమిది నెలల మేనల్లుడు పాకుతూ పాకుతూ, ఇంత ఇల్లుండగా, సరిగ్గా మెహ్రాబ్ కిందికి వెళ్ళి తన పని కానిచ్చాడు.

ఇక్కడ నా సిద్ధాంతం అక్కరకొచ్చింది. దుమ్ము వేరు, నజాసత్, అంటే మతం లెక్కలో అశుద్ధం, వేరు. దుమ్ముంటే దులుపుకుని నమాజ్ చేసుకోవచ్చు. ఇది నాపాక్, అంటే అశుద్ధమైంది, కడగాల్సిందే. మేం పాటించే హనఫీ అనే ఇస్లాం ధర్మశాస్త్ర పద్ధతిలో మూడుసార్లు కడగాలి, ప్రతిసారీ పిండాలి. పిండటానికి వీల్లేని వస్తువైతే ప్రతిసారీ నీటి చుక్కలు ఆగేదాకా వేలాడదీయాలి. మా జానమాజ్ వెనక కుట్టిన చీటీ మీద మెలిపెట్టిన బట్ట బొమ్మ, దాని మీద పెద్ద ఇంటూ గుర్తు. అంటే పిండకూడదు. ఈ మొత్తం వివరణ హాల్లో నిలబడి ఇచ్చాను. చెల్లెలు, మా ఆవిడ శ్రద్ధగా విన్నారు. విన్నాక మా ఆవిడ బకెట్ తెచ్చి నా చేతికిచ్చింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టాకి నీటి కరువు తీరిందని చిన్నప్పుడు చదువుకున్నాం. మేలో కాలువలు కట్టేస్తారన్న సంగతి బకెట్ పట్టుకున్నాక గుర్తొచ్చింది. కుళాయి రోజు విడిచి రోజు. బోరు నీళ్ళు ఉప్పన, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, ఆరాక ఆకుపచ్చ మీద తెల్లటి పొర తేలుతుంది. దాచుకున్న కుళాయి నీళ్ళు మూడు బకెట్లు తీశాం. "ముందు మూల తడిపి తెల్లగుడ్డతో అద్దండి, రంగు దిగుతుందేమో" అంది మా ఆవిడ. దిగలేదు. "వేణ్ణీళ్ళు వద్దు. షాంపూ రెండు చుక్కలు చాలు. బ్రష్ ఒకవైపే, నూగు పడుకున్న వైపే." ఇవన్నీ ఆవిడకెలా తెలుసో నాకు అర్థం కాలేదు. నేనెప్పుడూ చెప్పలేదు.

డాబా ఎక్కాను. దండెం మీద వేస్తే మధ్యలో గీత పడుతుందట. పిట్టగోడ మీద, నీడవైపు, మఖ్‌మల్ కిందికొచ్చేలా పరిచాను. నీళ్ళు తాగిన జానమాజ్ బరువు మా మేనల్లుడికి రెట్టింపుంది. తర్వాత నా బాధ్యత చుక్కలు ఆగేదాకా చూడటం. పర్యవేక్షణలో నాకు అనుభవముంది కాబట్టి కుర్చీ వేసుకున్నాను. అంచు కుచ్చుల చివర్నుంచి ఒక్కో చుక్క ఉబ్బి, ఆలోచించి, పడుతోంది. ఆగిందనుకుని లేస్తే ఇంకోటి. అలా గంట.

పక్క డాబా మీద వడియాలు పెట్టుకున్నావిడ ఉన్నట్టుండి చాప రెండు చేతులా ఎత్తుకుని పరుగు. "అన్నయ్యగారూ, చినుకులండీ!"

వాన నీరు పాక్, అంటే శుద్ధమైంది. అందులో సందేహం లేదు. ఇది రెండో కడుగు కింద లెక్కకొస్తుందా, లేక మొదటి కడుగు చుక్కలు ఆగకుండానే మొదలైంది కాబట్టి రాదా అని కుర్చీలో కూర్చునే ఆలోచిస్తున్నాను. కింద నుంచి మా ఆవిడ అరిచింది. "ఏవండీ, చుక్కలు ఆగాయా?"