సవరణ: 3 బిట్ల ఫ్లాష్ ఏడీసీలో కంపారేటర్లకు 5 వోల్టులు చాలవు

3 బిట్ల ఫ్లాష్ ఏడీసీ (వోల్టేజ్‌ను ఒకేసారి పలు రిఫరెన్సులతో పోల్చి అంకెగా మార్చే సర్క్యూట్) గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, ఎల్ఎం339 చిప్‌లోని కంపారేటర్లకూ (రెండు వోల్టేజ్‌లలో ఏది ఎక్కువో చెప్పేవి), రిఫరెన్సులిచ్చే రెసిస్టర్ల నిచ్చెనకూ ఒకే 5 వోల్టుల సప్లయ్ సరిపోతుందని చెప్పాను. అది తప్పు.

నిచ్చెనలోని 8 సమాన రెసిస్టర్లతో 5 వోల్టులను విడగొడితే 0.625 నుంచి 4.375 వోల్టుల దాకా 7 రిఫరెన్సులు (పోల్చడానికి వాడే వోల్టేజ్‌లు) వస్తాయి. కానీ తయారీదారుల డేటాషీట్ ప్రకారం ఎల్ఎం339 ఇన్‌పుట్ పరిధి గది ఉష్ణోగ్రత వద్ద సప్లయ్ కంటే 1.5 వోల్టులు కిందే ఆగిపోతుంది. అంటే 3.5 దాకానే. పైనున్న 3.75, 4.375 పోలికలను నమ్మలేం. ఇప్పటికే కట్టినవాళ్లకు ఎక్కువ వోల్టేజ్‌ల దగ్గరి కోడ్‌లు తేడాగా వస్తుంటే, రెసిస్టర్లు మార్చే ముందు ఇది చూడండి.

కంపారేటర్లకు 12 వోల్టులు ఇవ్వండి, నిచ్చెనకు 5 అలాగే ఉంచండి. ఈ చిప్ అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ (కిందికి లాగగలదు గానీ, పై స్థాయిని బయటి పుల్-అప్ రెసిస్టరే ఇవ్వాలి) కాబట్టి పుల్-అప్ రెసిస్టర్లను 5 వోల్టులకే కలపాలి. ఎన్‌కోడర్‌కు (కంపారేటర్ల ఫలితాలను 3 బిట్ల కోడ్‌గా మార్చే భాగం) 12 వోల్టులు అస్సలు తగలకూడదు. అవుట్‌పుట్ పై స్థాయిని ఇలా సప్లయ్‌తో సంబంధం లేకుండా ఎంచుకోగలగడమే ఈ చిప్‌లో నాకు బాగా నచ్చే సౌకర్యం.

12 వోల్టులు లేకపోతే నిచ్చెనను 3.2 వోల్టులకు తగ్గించండి. పై రిఫరెన్సు 2.8 అవుతుంది, 5 వోల్టుల సప్లయ్ చాలు. కొలవాల్సిన సిగ్నల్ కూడా 3.2 లోపే ఉండాలి.