బొమ్మ కనపడట్లేదా? అయితే బాగా ఆడుతున్నట్టే

బొమ్మను నోరు మూసుకుని చూడటం అనాగరికమని ఒడిశాలోని మా బరంపురంలో ఎప్పుడో తేల్చేశారు. నేల టిక్కెట్టు రోజుల్లో విలన్ తలుపు చాటున నక్కితే చాలు, ముందు వరసలోంచి ఒకడు తెలుగులో, ఇంకొకడు ఒడియాలో హీరోని హెచ్చరించేవారు. హీరో ఏ భాషా వినిపించుకునేవాడు కాదు, అది వేరే సంగతి.

ఆ అరిచే హక్కును యంత్రంలోకి ఎక్కించిన పుణ్యం మాత్రం జపానువాళ్ళది. 2006లో నికోనికో అనే సైటు పెట్టి, చూసేవాళ్ళు రాసిన మాటలన్నీ బొమ్మ మీదే కుడి నుంచి ఎడమకి పరుగెత్తించారు. పేరు దన్మకు, అంటే తూటాల తెర. చప్పట్లు కొట్టాలంటే 8888 అని కొడతారు, ఎందుకంటే అక్కడ ఎనిమిది 'హచి', చప్పట్ల చప్పుడు 'పచిపచి'. అసలు కిటుకేంటంటే, వీడియోలో ఏ క్షణం దగ్గర రాస్తే ఆ మాట ఆ క్షణానికే అతుక్కుపోతుంది, కాబట్టి ఎప్పుడో ఎవడో నవ్విన నవ్వు, అర్ధరాత్రి మీరొక్కరే దుప్పట్లో చూస్తున్నా, సరిగ్గా ఆ జోకు దగ్గరే మీ పక్కన కూర్చుంటుంది. చైనాలో 2009లో మొదలైన బిలిబిలి ఇంకా పద్ధతైనది: పూర్తి సభ్యత్వానికి 100 ప్రశ్నల పరీక్ష, 60 వస్తే పాసు. దెయ్యం సీనుకి ముందే జనం హెచ్చరిక రాసేస్తారు, పిరికివాళ్ళు ఆ అక్షరాల చాటున దాక్కుని దెయ్యాన్ని చూసేస్తారు. మన దగ్గర ఆ పరీక్ష పెడితే గైడు పుస్తకాలు, కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి, వాటి ప్రకటనలు కూడా బొమ్మ మీదే పరుగెడతాయి.

పర్లాకిమిడిలో ఉండి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి ఆశయం కూడా ఈ పరుగెత్తే మాటల్లోనే నెరవేరింది. "సూపర్ అన్నా"ని మించిన వ్యావహారికం ఇంకేముంది? ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, అంతే తేడా.

మా మేనత్త సంగతే చూడండి. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రని ఆవిడ ఫోన్లో లైవ్‌లో చూస్తుంది. ఫోను అడ్డంగా తిప్పితే ఘటాల మీదుగా "జై మా", "సూరత్ నుంచి చూస్తున్నాం", "సౌండు రావట్లేదు", మళ్ళీ "జై మా". మా గంజాం జిల్లా కుర్రాళ్ళు సగం మంది సూరత్ మగ్గాల దగ్గరే కదా, ఎవరొచ్చారో ఎవరు రాలేదో ఆవిడ హాజరు వేసుకుంటుంది. ఓ రాత్రి నా వేలు తగిలి చాట్ మాయమైంది. తెర నిండా ఘటం ఒక్కటే, దీపాల వెలుగులో పూల రేకులు కూడా లెక్కపెట్టొచ్చు.

"ఒరే, ఏటి నొక్కీసావురా? పాడైపోనాది ఇది!"

"అదేంటత్తా, అమ్మవారు ఎంత బాగా కనిపిస్తోందో చూడు."

"అమ్మోరు కనిపిస్తంది గానీ, ఆళ్ళేటంటన్నారో తెలవాల కదరా!"

సరే అని చాట్ తెరిచిచ్చాను. డప్పుల చప్పుడు మరీ పెద్దగా ఉందని సౌండు తగ్గించబోతే తగ్గలేదు. అప్పటికి ఘటాలు మా గుమ్మం ముందుకే వచ్చేశాయి.