పాత బట్టలతో ఆర్ట్ క్లాసా? అవును

ఒక మెసేజ్ తెగ ఫార్వర్డ్ అవుతోంది. ప్రైమరీ పిల్లల చేత పాత బట్టలు కత్తిరించి సంచులు, టోపీలు, బొమ్మలు చేయించడం ఆర్ట్ కాదట, బొమ్మలు వేయడం రాని టీచర్ల టైంపాస్ అట. చిన్న చేతులకు సూదులు ప్రమాదమట. లేనివాళ్ల పిల్లలకు అవమానమట. ఇంతా చేసి పర్యావరణానికి ఒరిగేదేమీ లేదట. ఇందులో ఒక్క మాటలో మాత్రం కొంత నిజం ఉంది, దాని సంగతి చివర్లో.

ముందు "ఇది ఆర్ట్ కాదు" అన్నది చూద్దాం. 1912లో ప్రఖ్యాత చిత్రకారుడు పికాసో, కుర్చీ అల్లిక డిజైన్ అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాస్ మీద అతికించి, చుట్టూ ఫ్రేముకు బదులు తాడు బిగించాడు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్‌లో నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పని బట్టలతో బొంతలు కుట్టుకునేవారు. అవి 2002లో న్యూయార్క్‌లోని విట్నీ ఆర్ట్ మ్యూజియం గోడలెక్కాయి. వాటిలో మోకాళ్ల దగ్గర వెలిసిన ప్యాంటు ముక్క ఒక రంగు, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు మచ్చ ఇంకో రంగు.

పెద్ద పేర్లు పక్కన పెడదాం. ఎనిమిదేళ్ల పిల్లకు పాత జీన్స్ ముక్క ఇచ్చి అంచుల నుంచి దారాలు లాగమనండి. ఒక అంచు నుంచి నీలం దారం వస్తుంది, పక్క అంచు నుంచి తెల్లది. పడుగుకే, అంటే నిలువు దారాలకే, నీలం అద్ది పేకను, అంటే అడ్డ దారాలను, తెల్లగా వదిలేస్తారు, అందుకే జీన్స్ లోపలి వైపు లేతగా ఉంటుంది. రెండు రంగుల దారాలు కలిసి దూరానికి ఒకే రంగుగా కనిపించడం బోర్డు మీద ఎంతసేపు చెప్పినా ఇంత బాగా బుర్రకెక్కదు. సాగే రకం జీన్స్ కాకపోతే, అదే ముక్కను నిలువుగా లాగితే కదలదు, ఐమూలగా లాగితే సాగుతుంది. టైలర్లు క్రాస్ అనేది దీన్నే. టీషర్టును అడ్డంగా పట్టీలు కోసి లాగితే అంచులు చుట్టుకుపోయి లావుపాటి దారమవుతుంది, ఎందుకంటే అది నేత కాదు, స్వెటర్ లాంటి అల్లిక. రంగు, గీత, ఆకారం, టెక్స్‌చర్. ఆర్ట్ క్లాసులో నేర్పాల్సినవి ఇవే కదా?

టీచర్ల టైంపాస్ అన్నారు. సరిగ్గా చేయిస్తే ఇందులో డ్రాయింగ్ పని ఎక్కువే. ముందు స్కెచ్, తర్వాత పేపర్ కటింగ్, ఆ తర్వాతే గుడ్డ మీద కత్తెర. తప్పు కోస్తే రబ్బరుతో చెరపలేం మరి. బట్టలు కుప్ప పోసి "ఏదో ఒకటి చేయండి" అనే క్లాస్ టైంపాసే, ఒప్పుకుంటాను. క్రేయాన్లు ఇచ్చి అదే మాటన్నా టైంపాసే.

సూదుల భయానికి జవాబు చిన్నదే. మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండే ప్లాస్టిక్ సూదులున్నాయి. మరీ చిన్నవాళ్లకు సూదే అక్కర్లేదు, ముడులు, జడలు, అట్టముక్క మీద నేత చాలు. మందపాటి బట్టను పెద్దవాళ్లు ముందే కోసి ఉంచాలి.

అవమానం మాట మాత్రం తేలిగ్గా తీసిపారేయలేను. "ఇంటి నుంచి తెండి" అంటే ఎవరింట్లో ఏముందో అందరికీ తెలిసిపోతుంది. అందుకే బట్టలు ముందుగానే సేకరించి, ఉతికి, రంగుల వారీగా బుట్టల్లో సర్దాలి. అప్పుడు ఏ ముక్క ఎవరిదో ఎవరికీ తెలియదు. కొత్త కలర్ బాక్స్ కొనుక్కురమ్మన్నప్పుడు అదే పిల్లలు పడే ఇబ్బంది గురించి మెసేజ్‌లో ఒక్క ముక్కా లేదు, విచిత్రం.

ఇక కొంత నిజమున్న మాట, పర్యావరణం గురించినది. ముప్పై మంది పిల్లలు కుట్టే ముప్పై సంచులతో బట్టల పరిశ్రమ మారిపోదు. "భూమిని కాపాడాం" అని వాళ్ల చేత పోస్టర్లు రాయించడం నాకూ నచ్చదు. పైగా నూలు చొక్కాకు మెరుపుల పొడి, ప్లాస్టిక్ పూసలు, గ్లూ గన్ జిగురు పట్టిస్తే, తుడుపుగుడ్డగానైనా పనికొచ్చేది అచ్చంగా చెత్త అవుతుంది. నూలు, పాలిస్టర్ కలగలిసిన బట్టను విడదీసి మళ్లీ దారం చేయడం ఫ్యాక్టరీలకే కష్టం. కానీ ఇది క్లాసు మానేయడానికి కారణం కాదు, జిగురు మానేయడానికి కారణం. కుట్టినదాన్ని విప్పుకోవచ్చు, ముడిని విప్పుకోవచ్చు, గుండీని ఊడదీసి ఇంకోచోట పెట్టుకోవచ్చు. ఇంకా తొడుక్కోదగ్గ చొక్కాను కత్తెరకిచ్చినా దండగే. అందుకే క్లాసులో మొదటి పని బుట్టలోంచి అలాంటివి ఏరి పక్కన పెట్టడం. ఒక్క గుండీ కుడితే సరిపోయే చొక్కా దొరికితే, ఆ రోజు పాఠం గుండీ కుట్టడమే.